త్రాగుడు మానినవాని ఇల్లు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి, ఉద్యోగము చాలించుకొని, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నవాడను. త్రాగుడును గూర్చి కొన్ని మాటలు చెప్పవలసినదని నన్ను కోరినప్పుడు కొంత వెనుకాడితిని. త్రాగుడు చెడ్డదని చెప్పుటకు పండితుడేల? ఆ సంగతి అందరికంటె త్రాగువానికే బాగుగా తెలియును. తెలిసియు మానలేకపోవుటనే గదా వ్యసనమనుట! కావున ఆ ఉపదేశమును విడిచిపెట్టెదను. మానదలచినవానికి మన యెదుట ఎన్ని దారులున్నవో, ఏ దారి ఎంతదూరము తీసికొనిపోవునో, మానిన పిమ్మట ఆ మనుష్యుడు తన యింటిలోనికి మరల ఎట్లు చేరునో, నేను కన్నంతవరకు చెప్పెదను. నేను కన్నది పొరుగింట గాదు, మా యింటనే.

మాది మొయినాబాదునకు చేరువ గ్రామము, వ్యవసాయకుటుంబము. నాకు ఇరువదియేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. నేను ప్రాచ్యకళాశాలలో వ్యాకరణము చదువుకొనుచుండగా, పండ్రెండేండ్ల నా తమ్ముడు బడి మాని నాగలి పట్టెను. నా చదువు వాని చెమటతో సాగినదని చెప్పుటకు నాకు సిగ్గులేదు. ఆ మాట చాలకాలమువరకు వానితో చెప్పకపోవుటకే సిగ్గుపడుచున్నాను. వాడు బంతి, చామంతి, గులాబి పెంచి, పూలమూటలను రాత్రి రెండుగంటలకు బండికెత్తి గుడిమల్కాపురము పూలమార్కెట్టునకు కొనిపోవుచుండెడివాడు. చలికాలపు రాత్రులలో ఒంటికి వెచ్చదనమునకని తోడివారు ఇచ్చిన గ్లాసుతో మొదలైనది. గండిపేట, హిమాయతుసాగరు జలాశయములను కాపాడుటకై 1996వ సంవత్సరమున ప్రభుత్వము 111 సంఖ్యగల ఉత్తర్వునిచ్చి మా ప్రాంతమున కట్టడములకు హద్దులు పెట్టినను, నగరమువారు తోటయిండ్లకని మా భూములను కొనుట మానలేదు. తమ్ముడును రెండెకరములు అమ్మెను. అంత సొమ్ము ఒక్కసారిగా చేతికి వచ్చినప్పుడు దానివెంట స్నేహితులును వచ్చిరి. సొమ్ము పోయినది, స్నేహితులు పోయిరి, త్రాగుడు మాత్రము నిలిచినది.

వ్యసనమను సంస్కృతపదమునకు విసరివేయుట, చెదరగొట్టుట అను భావముగల ధాతువు మూలము. ఆపదకును అదియే పేరు, చెడు అలవాటునకును అదియే పేరు. పూర్వులు రాజులకు చెప్పిన సప్తవ్యసనములను మీరెరుగుదురు: స్త్రీలోలత, జూదము, వేట, పానము, పరుషముగా మాటలాడుట, కఠినముగా దండించుట, ధనమును వృథాచేయుట. ఈ పట్టికను ఎన్నియో తరగతులలో పిల్లలచేత వల్లెవేయించితిని. పానము ప్రక్కనే తిట్టుట, దాని ప్రక్కనే కొట్టుట ఉన్నవని నాకు అరువదియేండ్లు వచ్చువరకు తోచలేదు. త్రాగినవానిని తిట్టి కొట్టి దారికి తెచ్చెదమను పెద్దవాడును అదే పట్టికలో కూర్చుండియున్నాడు. నేనును అందు చాలకాలము కూర్చుంటిని.

మా వైపు త్రాగువాని కుటుంబము మొట్టమొదట పట్టు దారి దైవము. చిలుకూరు బాలాజీ సన్నిధి మాకు దగ్గరనే కలదు. అచ్చట పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరిక చెప్పుకొని, తీరిన పిమ్మట నూటయెనిమిది చేయుట ఆచారము. విదేశములకు పోగోరు పిల్లలవలన ఆ స్వామికి వీసా బాలాజీయని పేరు వచ్చినది గాని, అచ్చట నడచు ప్రతివారును వీసాకొరకే నడచుటలేదు. మా మరదలు మగనికొరకు నడచినది. తమ్ముడు మూడేండ్లు వరుసగా అయ్యప్పమాల వేసికొనెను. అప్పటికి వాని త్రాగుడు ఇంకను ముదరలేదు. నలుబదియొక్క దినములు ఒక్క చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంకాలమే మరల మొదలు. ఊరివారు నవ్విరి, నేనును నవ్వితిని. ఇప్పుడాలోచించిన, అది నవ్వవలసిన సంగతి గాదు. ఆ నలుబదియొక్క దినములు వానిని అందరు "స్వామీ" అని పిలిచిరి. భార్య స్వామియనెను, కూతురు స్వామియనెను, అప్పులవాడు సయితము గొంతు తగ్గించి "స్వామీ, ఎప్పుడిస్తవు?" అని అడిగెను. లేచుటకొక వేళ, తినుటకొక వేళ, సాయంకాలము కలిసి భజనచేయుటకు పదిమంది ఉండిరి. నలుబదిరెండవ దినమున మాలతోపాటు ఆ పిలుపు, ఆ వేళలు, ఆ పదిమంది, అన్నియు పోయినవి. దీక్షకు బలము లేదని నేననను. ఆ దీక్షకు మరునాడు లేకపోయినది.

పిమ్మట నా పెద్దరికము మొదలైనది. ఒక ఆదివారమున గ్రామపెద్దలను రావిచెట్టు అరుగుకడ కూర్చుండబెట్టి, అందరియెదుట వానిచేత బిడ్డమీద ఒట్టు వేయించితిని. తలవంచుకొని వేసెను. తొమ్మిది దినములు నిలిచెను. పదవనాడు త్రాగెను, పదునొకండవనాటినుండి దాచి త్రాగెను. ఒట్టుకు ముందు వానికి త్రాగుడు ఒక్కటే ఉండెను. ఒట్టు తరువాత అబద్ధమును వచ్చి చేరెను. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడెల్ల తన ఒట్టే తగిలినదని ఏడ్చును, ఆ ఏడ్పు మరచుటకు మరల త్రాగును. లేక లేక కలిగిన ఆ బిడ్డను పణముగా పెట్టించినది నేను. మీలో ఎవరైన అట్టి ఒట్టు వేయించు ఆలోచనలో ఉన్నచో దయచేసి మానుడు.

2020వ సంవత్సరము మార్చి నెల మీకు జ్ఞాపకమే. కరోనా మూలమున దేశమంతయు తలుపులు వేసికొనెను. మద్యపు దుకాణములు, కల్లు దుకాణములు మూతపడినవి. నాకు లోలోపల సంతోషమే కలిగెను. నా ఒట్టు చేయలేని పనిని సర్కారు ఒక్క తాళముతో చేసినదనుకొంటిని. మొదటిదినము తమ్ముని చేతులు వణకెను, చెమటలు పోసెను, రాత్రి నిద్రలేదు. రెండవనాడు "నా పానం బాగలేదన్నా, దవాఖానకు తీస్కపో" అని అడిగెను. నేను నమ్మలేదు. సీసా వెదకుకొనుటకై బయటపడు ఎత్తని తలచి, గద్దించి, గదికి బయటి గడియ పెట్టితిని.

మూడవదినము ఉగాది. శార్వరి నామ సంవత్సరము, శార్వరియనగా రాత్రి. ఏటేట మా అరుగుపై పంచాంగము చదువువాడను, ఆ యేడు వినుటకు ఎవరును రాలేదు. మరదలు పచ్చడిగిన్నె తీసికొని గది తెరచినది. తమ్ముడు గిన్నెలోనికి చూచి, కేకవేసి, విసరికొట్టెను. అందలి వేపపూవు వాని కన్నులకు చీమలుగా కనబడినది. గోడలపై చీమలు, పక్కపై చీమలు, నా చొక్కాపై చీమలు. మా తండ్రి గుమ్మమున నిలిచి పిలుచుచున్నాడనెను. ఇరుగుపొరుగువారు గాలి సోకినదనిరి. ఒకరు వేపమండలు తెచ్చిరి. అంతలో వాని దవడ బిగిసి, దేహమంతయు కొట్టుకొని ఫిట్సు వచ్చెను. నేను నిలువబడి చూచుచుంటిని. పదవతరగతి దాటని నా మరదలు నన్ను ప్రక్కకు త్రోసి 108 వాహనమునకు ఫోను చేసినది. తరువాత చాలకాలమునకు, మ్రొక్కు తీర్చుకొనుటకు ఆమె చిలుకూరిలో నూటయెనిమిది ప్రదక్షిణములు చేయునప్పుడు, ఆ సంఖ్య నా చెవికి రెండువిధముల వినబడెను.

ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఆ దినములలో మా వంటి కుటుంబములు చాల ఉండెను. అందరి కథయు ఒక్కటే: దుకాణము మూతపడినది, మనిషి వణకుచున్నాడు. ఒక యువవైద్యుడు నన్ను ప్రక్కకు పిలిచి మెల్లగా చెప్పెను. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కిలిగా త్రాగువాని మెదడు, తన్ను అణచుచున్న మత్తునకు ఎదురు నిలిచి పనిచేయుటకు అలవాటుపడియుండును. మత్తు ఒక్కసారిగా తొలగినచో ఆ ఎదురుబలమంతయు పట్టుదప్పును. వణకు మొదటిదినముననే వచ్చును, ఫిట్సు సాధారణముగా రెండుదినములలోపల, భ్రాంతి రెండవ మూడవ దినములలో. చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును. మానుట మంచిదే గాని, అట్టివాడు వైద్యుని యెదుట మానవలెను. వారు వానికి నరములను శాంతపరచు మందు నిచ్చి, దానిని దినదినము కొలది కొలదిగా తగ్గించి, బి1 విటమిను ఎక్కించి, వారము దినములలో మనుష్యుని మనుష్యునిగా చేసిరి.

నేను చరకసంహిత చూడనివాడను గాను. అలవాటుపడిన అహితమును ఒక్కసారిగా గాక పాదము పాదముగా, అనగా నాలుగవవంతు చొప్పున, విడువవలెనని సూత్రస్థానమున కలదు. చికిత్సాస్థానమున మదాత్యయమునకు ఒక అధ్యాయమే కలదు. మానినవాడు మరల ఒక్కసారిగా అతిగా త్రాగినచో కలుగు ధ్వంసకమను వ్యాధిని గూర్చియు అందున్నది. పుస్తకము నా బీరువాలో నుండెను, తమ్ముడు నేను గడియపెట్టిన గదిలో నుండెను. అట్లని, పాదము పాదముగా తగ్గించెదమని ఇంటిలోనే కొలిచి పోయుట మొదలుపెట్టకుడు. ఎంత, ఎన్నిదినములు అన్నది వైద్యుడు చూడవలసిన లెక్క.

కల్లు త్రాగువారికి ఇది వర్తింపదని అనుకొనవలదు. చెట్టునుండి దిగిన ఈతకల్లు వేరు. క్లోరల్ హైడ్రేటు, డైజెపాము, అల్ప్రజోలము కలిపిన కల్లు వేరు. 2015వ సంవత్సరమున కల్తీకల్లుపై దాడులు జరిగి సరకు ఆగినప్పుడు, నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో జనులు వణకుచు, వింతగా ప్రవర్తించుచు ఆసుపత్రులకు చేరిరి. అందు స్త్రీలును ఉండిరి. తాము కల్లునకు అలవాటుపడితిమని వారనుకొనిరి, అలవాటుపడినది నిద్రమందునకు.

మరియొక ముఖ్యమైన సంగతి. డైసల్ఫిరామను మందొకటి కలదు. డెన్మార్కు శాస్త్రజ్ఞులు కొందరు దానిని కడుపులోని పురుగులకు పరీక్షించుచు, అది మ్రింగినవాడు మద్యము ముట్టినచో ముఖమెర్రబడి, గుండెదడ, వాంతి కలుగునని గ్రహించి 1948లో ప్రకటించిరి. తెలిసి, ఒప్పుకొని, వైద్యుని కనుసన్నలలో మ్రింగువానికి అది కావలిమనిషివంటిది. కాని మన యిండ్లలో కొందరు దానిని మగనికి తెలియకుండ కూరలో కలిపి పెట్టుచున్నారు. వారి దుఃఖము నాకు తెలియును. అయినను అది చేయరాని పని. రక్తపుపోటు పడిపోయి మనిషి చనిపోవచ్చును. బ్రతికినను, తన యింటి కూడును అనుమానించువాడు ఆ యింటివాడు మరల ఎట్లగును? త్రాగవలెనను కోరికను తగ్గించు నాల్ట్రెక్సోను వంటి మందులును కలవు. ఎవరికేది తగునో వైద్యుడే చెప్పవలెను. ఎచ్చటికి పోవలెనో తెలియనిచో మత్తువ్యసనములకై ఏర్పరచిన 14446, మనోవ్యాధులకై ఏర్పరచిన టెలి-మానస్ 14416 అను సంఖ్యలకు ఫోను చేయవచ్చును. ఖర్చులేదు. పంచాయతి గోడపై వ్రాయించి ఉంచినచో ఒకరికైన అక్కరకు వచ్చును.

ఆసుపత్రి దేహమును బాగుచేసి ఇంటికి పంపెను. ఇంటికి వచ్చినవాడు సాయంకాలము ఆరుగంటలకు ఏమిచేయవలెను? వాని కాళ్లకు ఇరువదియేండ్లుగా తెలిసినదారి ఒక్కటే. ఆసుపత్రిలో ప్రక్కమంచము మనిషి వానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమును గూర్చి చెప్పియుండెను. ఇది 1935లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రపు ఏక్రను పట్టణమున మొదలైనది. బిల్ విల్సను అను షేర్ల వ్యాపారి, తన త్రాగుడు మరల తిరుగబెట్టునను భయముతో, రాబర్టు స్మిత్తు అను శస్త్రవైద్యుని కలిసెను. ఆ వైద్యుడును త్రాగుడునకు బానిసయే. ఒకరినొకరు పట్టుకొని ఇద్దరును నిలిచిరి. చందా లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు, దైవమును ఎవరు తలచినట్లు వారు తలచుకొనవచ్చును. ప్రయాణములు మరల సాగిన పిమ్మట తమ్ముడు చేవెళ్ల బస్సులో మెహదీపట్నమునకు పోయి, నగరములో ఆ కూటములకు హాజరగుచుండెను. పండితుడనైన నా మాట విననివాడు, త్రాగి చెడినవారి మాట వినునా యని నేను ఈసడించితిని. వినెను. నేను వానికి పైనుండి చెప్పితిని, వారు ప్రక్కన కూర్చుండి చెప్పిరి.

ఆ సంఘమువారి పండ్రెండు మెట్లలో ఎనిమిదవది, తొమ్మిదవది నాకు మిక్కిలి నచ్చినవి. తనవలన నష్టపడినవారి పట్టిక వ్రాసికొనవలెను. వారికి మరల హాని కలుగనిచోట్ల నేరుగా పోయి సరిదిద్దుకొనవలెను. హాని కలుగనిచోట్ల అను మాటలో చాల వివేకమున్నది. తన మనసు తేలికపడుటకై ఇతరుల గాయమును రేపుట పశ్చాత్తాపము గాదు. త్రాగువారి కుటుంబములకై విల్సను భార్య లోయిసు మొదలగువారు 1951లో ఆల్-అనాన్ అను వేరొక సంఘమును స్థాపించిరి. మా మరదలు అట్టివానికి పోలేదు. "నాకు మీటింగులకు పోయే తీరికేడిది బావా, పూలెవరు తెంపాలె?" అనినది. నిజమే.

మద్రాసులో శాంతి రంగనాథన్ గారు, త్రాగుడువలన భర్తను పోగొట్టుకొని, 1980లో వైద్యసంస్థను స్థాపించిరి. 1992లో వారికి పద్మశ్రీ వచ్చినది. అచ్చట రోగితోపాటు కుటుంబమునకును చికిత్స చేయుదురు. తమిళదేశపు పల్లెలలోనే శిబిరములు పెట్టుదురు. రోగి ఊరును విడిచి పోనక్కరలేదు, మానినప్పుడు ఊరంతయు చూచును. ఇట్టిది మన చేవెళ్లలో ఏల ఉండరాదు? ఒక ఫంక్షన్‌హాలు, ఇద్దరు వైద్యులు, నలుగురు పెద్దలు చాలరా?

ఇక నిషేధపు దారి. ఇది క్రొత్తది గాదు. భారతకథలో శుక్రాచార్యుడు శిష్యుడైన కచుని భస్మమును తెలియక మద్యముతో త్రాగి, పిమ్మట వగచి, బ్రాహ్మణులకు పానము నిషేధించెను. దెబ్బతిన్నవాడే కట్టడి చేసెను. మన కాలమున దెబ్బతిన్నవారు స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మగారు మొదలగువారు, సారా దుకాణమునకు అడ్డము నిలిచిరి. 1992 నాటికి ఆ ఉద్యమము జిల్లా దాటి రాష్ట్రమంతయు వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. చదువు చెప్పువాడనగుటచే, పలకబలపములనుండి అంతటి ఉద్యమము పుట్టినదని నాకు గర్వము. నిషేధము తలుపు మూయును గాని దాహమును తీర్చదు; దొంగసరకు, గుడుంబా మిగులును. అయినను, ఆ రెండేండ్లు రాత్రులందు భయములేక నిదురించితిమని మా గ్రామపు స్త్రీలు నేటికిని చెప్పుదురు. ఆ నిదురను లెక్కలో వేయనివారు నిషేధము విఫలమైనదని తేలికగా అనగలరు.

ఇంతవరకు మానుటను గూర్చి చెప్పితిని. అసలు కష్టము పిమ్మట వచ్చినది.

తమ్ముడు త్రాగుట మానెను గాని, ఇల్లు వానికి తెరచుకొనలేదు. మరదలు సొమ్ముపెట్టె తాళముచెవిని నడుముననే ఉంచుకొనెను. రాత్రి వాడు తలుపు తట్టినచో ఆమె మొదట ఊపిరి వాసన చూచి, పిమ్మట ప్రక్కకు తొలగెడిది. కూతురు వానితో మాటలాడలేదు. ఏమైన చెప్పవలసియున్నచో తల్లితో చెప్పెడిది, తండ్రి ఆ గదిలోనే ఉన్నను. అంతకు ముందటి యేడు ఆమె ఇంటరు పరీక్షఫీజునకై వంటయింట పోపులడబ్బాలో దాచుకొన్న సొమ్మును వాడు తీసికొని త్రాగెను. ఆ యేడు ఆమె పరీక్ష పోయినది. తల్లి ఆ డబ్బాను అటకపైకి ఎక్కించినది.

ఒకనాడు తమ్ముడు నాయెదుట కోపగించెను. "తాగుడు బంద్ చేసిన గదన్నా, ఇంకేం గావాలె వీళ్లకు?" అనెను. అనేకుల ఇండ్లు ఇచ్చటనే మరల కూలును. మానినవాడు తాను గొప్పత్యాగము చేసితిననుకొనును. కావున మరునాడే కృతజ్ఞతను కోరును. ఇంటివారికో, మానుటయనగా క్రొత్త అప్పు చేయకుండుట మాత్రమే. పాతబాకి అట్లే యుండును. ఈ మాట నేను వానికి చెప్పలేదు, చెప్పిన వినియుండడు. వాని కూటములోని వృద్ధుడొకడు, పదునెనిమిదేండ్లుగా ముట్టనివాడు, చెప్పెనట: "నువ్వు ఇరవయ్యేండ్లు తాగినవ్, వాళ్లకు రెండేండ్లన్న ఇయ్యవా?"

ఆనాటినుండి వాడు చిన్నపనులు మొదలుపెట్టెను. మార్కెట్టునుండి రాగానే కమీషను వ్యాపారి చీటియు సొమ్మును కలిపి, అడుగకముందే, మరదలి యెదుట పెట్టుట. ఎన్నిగంటలకు వచ్చెదనని చెప్పెనో అన్నిగంటలకు వచ్చుట. బస్సు ఆలస్యమైనచో ఫోను చేయుట. కూతురు మాటలాడకున్నను కాలేజీ వేళకు బస్సుస్థలమువరకు నాలుగడుగులు వెనుకగా నడచుట. మార్కెట్టుకు పోయిన ప్రతిసారి నూరురూపాయలు అటకపై పోపులడబ్బాలో వేయుట. ఎవరికిని చెప్పలేదు. కూతురు రాత్రులందు ఎక్కి లెక్కపెట్టెడిదని మరదలు నాతో చెప్పినది.

ఏడవనెలలో జారెను. బంధువుల యింట దినాల దావతు. "ఒక్క గ్లాసుకేమైతది, సచ్చినోని పేరు మీద పట్టు" అని ఒక పెద్దమనిషి చేతిలో పెట్టెను. త్రాగెను. కాని ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఊపిరి వాసన చూడకముందే, గుమ్మమునందే నిలిచి తానే చెప్పెను. మరునాడు ఆసుపత్రికి తానే పోయెను. మరదలు ఏడ్చినది. తరువాత నాతో అనినది: "తాగినందుకు ఏడ్సిన బావా. గని చెప్పిండు గద, ఆ రాత్రే నాకు కొంచెం నమ్మకమొచ్చింది." జారినవానిని పట్టుకొని అంతయు వ్యర్థమైనదని అరచుటకు నోరు తెరచిన నేను ఆ మాటతో మూసికొంటిని.

పెద్దలారా, ఆ గ్లాసు చేతిలో పెట్టినవాడు శత్రువు గాడు, మనవంటి పెద్దమనిషియే. పుట్టుకకు, పెండ్లికి, చావునకు మన దావతులు ఎట్లుండునో మీకు తెలియును. బోనములనాడు అమ్మవారికి సాక పోయు ఆచారమును విడువుమని నేననుటలేదు. వలదన్నవానిని బలవంతపెట్టకుండుట ఆచారభంగము గాదు. మా గ్రామమున ఇప్పుడు దావతులో ఒక బల్లపై మజ్జిగ, సోడా ఉంచుచున్నారు. అచ్చట కూర్చున్నవానిని ఏలయని అడుగరు. ఇది నేను తెచ్చిన మార్పే, ఇరువదియేండ్ల ముందే తెచ్చియుండవలసినది.

ఇంకొకటి. "వాడు మానిండు గదమ్మా, ఇగ మర్చిపో" అని భార్యలను తొందరపెట్టుట మన పంచాయతులలో వాడుక. క్షమ అడిగి తీసికొను వస్తువు గాదు. మా పొరుగువీధిలో ఒక స్త్రీ, దెబ్బలు తిని వికారాబాదు వైపు పుట్టింటికి పోయి, మగడు మానిన తరువాతను తిరిగి రాలేదు. అతడు ప్రతి ఆదివారము పిల్లలను చూచి, ఖర్చుకు సొమ్ము ఇచ్చి వచ్చుచున్నాడు. ఊరివారు ఆమెను తప్పుపట్టుదురు. నేను పట్టను. ఆ పిల్లలు ఆదివారమునకై ఎదురుచూచుచున్నారు. అదియు ఒక సంసారము నిలుచుటయే. కొట్టువాని చేతినుండి స్త్రీని కాపాడుటకు 2005వ సంవత్సరపు గృహహింస చట్టము ఉన్నదని పెద్దలే ముందుగా చెప్పవలెను.

నా బాకి ఒకటి మిగిలియుండెను. ఒక సాయంకాలము చామంతితోటలో తమ్ముని కడకు పోయి, ఒట్టు వేయించినందుకును, గడియ పెట్టినందుకును, నా చదువు వాని చెమటయని ఎన్నడును చెప్పనందుకును, తప్పయినదని చెప్పితిని. అన్న తమ్ముని క్షమాపణ కోరుట మా వంశమున లేదు, మాటలు తడబడెను. వాడు చాలసేపు ఏమియు అనలేదు. పిమ్మట "మడికి నీళ్లు పెట్టాలె, పా అన్నా" అనెను. ఇద్దరము పోయి కాలువ మళ్లించితిమి. అరువది దాటిన చేతులు, పార పట్టుట మరచినవి.

రెండవయేడు చివర, కూతురు డిగ్రీలో చేరినపుడు, దరఖాస్తుపై తండ్రి సంతకము కావలసివచ్చినది. కాగితము తల్లిచేతికి గాక వానిచేతికే ఇచ్చి, "ఈడ పెట్టు నాయినా" అనినది. వాడు సంతకముచేసి బయటికి పోయి చాలసేపు రాలేదు. నాకు భయము వేసినది. చూడగా, బావిగట్టున కూర్చుండియున్నాడు.

మొన్న వారి యింటికి భోజనమునకు పోయితిని. పోపులడబ్బా అటకపైన లేదు. పొయ్యిప్రక్కన, క్రింది అరలో, అందరి చేతులకు అందునట్లు ఉన్నది.